ఫోన్ మార్చాలా, బ్యాటరీ మారిస్తే సరిపోతుందా?

ఏటా సెప్టెంబర్‌లో ఐఫోన్ వస్తుంది. సంక్రాంతి వెళ్లాక శాంసంగ్ ఎస్ సిరీస్ వస్తుంది. ఈ రెంటి మధ్య నెలకి అరడజను ఆండ్రాయిడ్ ఫోన్లు. ప్రతి ఫోన్‌కీ కంపెనీవాళ్లు "పోయినేడాది మోడల్ కంటే ఇంత స్పీడు, ఇంత వెలుతురు" అంటూ ఒక లెక్క చూపిస్తారు. కొనేవాళ్లకి ఆ లెక్కతో పని లేదు. పోయినేడాది ఫోన్ ఉన్నవాళ్లకి మార్చాల్సిన అవసరం రాదు. నాలుగేళ్ల కిందటి ఫోన్ వాడుతున్నవాళ్లకి ఆ పోలిక వర్తించదు. చూడాల్సింది చేతిలో ఉన్న ఫోన్‌ని. దానికేమైంది, బాగవుతుందా, ఎంతవుతుంది?

ఫోన్ మీద విసుగు పుట్టడానికి సాధారణంగా మూడు కారణాలుంటాయి. ఛార్జింగ్ నిలవకపోవడం, హ్యాంగ్ అవడం, అప్‌డేట్లు ఆగిపోవడం. మొదటి రెంటికీ చాలావరకు మందు ఉంది. మూడోదానికి లేదు. అందుకే కొత్త ఫోన్ గురించి ఆలోచించే ముందు ఈ మూడూ వరసగా చూసుకోండి.

ముందు బ్యాటరీ సంగతి

ఐఫోన్‌లో సెట్టింగ్స్, బ్యాటరీ, బ్యాటరీ హెల్త్‌లోకి వెళ్తే "మ్యాగ్జిమమ్ కెపాసిటీ" ఎంత శాతమో కనిపిస్తుంది. 80 కంటే తగ్గితే బ్యాటరీ మార్చే సమయం వచ్చినట్టే. ఐఫోన్ 14 వరకు వచ్చిన మోడళ్ల బ్యాటరీలు 500 సైకిళ్ల దాకా 80 శాతం నిలుపుకునేలా, 15 నుంచి వచ్చినవి 1000 సైకిళ్ల దాకా నిలుపుకునేలా తయారుచేశామని యాపిల్ చెప్తుంది. సైకిల్ అంటే ఛార్జర్ పెట్టిన ప్రతిసారీ ఒకటి కాదు. ఈరోజు 60 శాతం, రేపు 40 శాతం వాడితే రెండూ కలిపి ఒక సైకిల్. రోజుకో ఫుల్ ఛార్జ్ ఖర్చుచేసేవాళ్లకి 500 సైకిళ్లు ఏడాదిన్నర లోపే అయిపోతాయి.

శాంసంగ్‌లో శాంసంగ్ మెంబర్స్ యాప్ తెరిచి ఫోన్ డయాగ్నస్టిక్స్‌లో బ్యాటరీ స్టేటస్ చూడొచ్చు. కొత్త పిక్సెల్ ఫోన్లలో సైకిళ్ల లెక్క అబౌట్ ఫోన్ కింద బ్యాటరీ ఇన్ఫర్మేషన్‌లో ఉంటుంది. మీ ఫోన్‌లో ఇవేవీ లేకపోతే ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. వంద శాతం ఛార్జ్ చేసి, ఏరోప్లేన్ మోడ్‌లో, సగం బ్రైట్‌నెస్‌తో, ముందే డౌన్‌లోడ్ చేసుకున్న వీడియోని ఒక గంట నడపండి. 5000 ఎంఏహెచ్ ఫోన్‌లో బ్యాటరీ బాగుంటే పది శాతం లోపే తగ్గుతుంది. పదిహేను దాటితే బ్యాటరీ దెబ్బతిన్నట్టే అనుకోవచ్చు.

శాతాల కంటే గట్టి సూచన ఇంకోటి ఉంది. 25 శాతం చూపిస్తున్న ఫోన్ కెమెరా తెరవగానే ఆగిపోతుంది, ఛార్జర్ పెట్టగానే మళ్లీ 20 చూపిస్తుంది. పాతబడిన బ్యాటరీలో లోపలి నిరోధం పెరుగుతుంది. కెమెరా, గేమ్ లాంటివి ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ లాగితే ఓల్టేజ్ పడిపోయి ఫోన్ ఆగుతుంది. అలా ఆగకుండా ఉండటానికే పాత బ్యాటరీ ఉన్న ఐఫోన్లలో ప్రాసెసర్ వేగం తగ్గిస్తున్నామని 2017 డిసెంబర్‌లో యాపిల్ ఒప్పుకుంది. కాబట్టి ఐఫోన్ నెమ్మదించిందంటే దోషం బ్యాటరీదే కావచ్చు. అది మారిస్తే వేగమూ తిరిగొస్తుంది.

బ్యాటరీ మార్పు ఖర్చు మోడల్‌ని బట్టి మారుతుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకి వెయ్యి నుంచి మూడు వేల మధ్యలో అయిపోతుంది, ఐఫోన్‌కి అంతకు రెండు మూడు రెట్లు. కంపెనీ వెబ్‌సైట్‌లో మోడల్ పేరు కొడితే కచ్చితమైన ధర వస్తుంది, అది చూసుకుని వెళ్లండి. హైదరాబాద్ జగదీష్ మార్కెట్ లాంటిచోట ఏ మోడల్‌కైనా గంటలో బ్యాటరీ వేసేస్తారు, కానీ రెండు విషయాలు గమనించాలి. పాత బ్యాటరీ మీద 4000 అని ఉండి, అదే కొలతలో ఉన్న కొత్తదాని స్టిక్కర్ మీద 5500 అని ఉంటే ఆ అంకె నమ్మకండి. అదే సైజులో, అదే రకం బ్యాటరీలో అంత తేడా రాదు. రెండోది, వెనక అద్దం ఊడదీస్తే చుట్టూ ఉన్న జిగురు పట్టీ తెగిపోతుంది. కొత్త పట్టీ వేయకుండా మామూలు గమ్‌తో అతికిస్తే నీళ్లని తట్టుకునే ఐపీ68 రేటింగ్ ఉన్న ఫోన్ కూడా వానకి తడిస్తే పోతుంది. పట్టీ వేస్తారో లేదో ముందే అడగండి.

వెనక మూత పైకి లేచినా, స్క్రీన్ ఒక పక్క ఉబ్బినా మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు. ఛార్జింగ్ ఆపేయండి, మూతని నొక్కి సర్దాలని చూడకండి, ఆరోజే రిపేర్‌కి ఇవ్వండి.

ఎండాకాలం సంగతి వేరే చెప్పాలి. ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాతావరణంలో వాడమని యాపిల్ చెప్తుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో 45 దాటుతుంది. బండి హ్యాండిల్‌కి ఫోన్ తగిలించి, మ్యాప్స్ పెట్టి, పైగా ఛార్జింగ్ కూడా పెడితే స్క్రీన్ మసకబారడం, ఛార్జింగ్ ఆగిపోవడం మామూలే. అది ఫోన్ పాడైందనడానికి గుర్తు కాదు, తనని తాను కాపాడుకుంటోంది. అయితే రోజూ అలాగే వాడితే బ్యాటరీ ఆయుష్షు నిజంగానే తగ్గుతుంది. ఎండలో మ్యాప్స్ వాడక తప్పనివాళ్లు కనీసం ఛార్జింగ్ నీడకి వచ్చాక పెట్టుకోవాలి.

ఛార్జింగ్ పిన్ను దగ్గర ఒక చిన్న పని

కేబుల్ పెడితే ఒక పక్కకి వంచితేనే ఎక్కుతోందా? పోర్ట్ పోయిందని తీర్మానించే ముందు ఫోన్ స్విచాఫ్ చేసి, టార్చ్ వేసి లోపలికి చూడండి. జేబులో నూలుపోగులన్నీ టైప్-సీ పోర్ట్ అడుగున చేరి, కేబుల్ పెట్టిన ప్రతిసారీ ఇంకాస్త అణిగి, బూడిదరంగు బిళ్లలా గట్టిపడి ఉంటాయి. దానివల్ల కేబుల్ చివరిదాకా దిగదు, "టిక్" మని కూర్చోదు. చెక్క టూత్‌పిక్ చివరని బ్లేడుతో పలచగా చెక్కి, పోర్ట్ మధ్యలో ఉన్న నాలుక తగలకుండా, గోడ పక్కనుంచి దించి మెల్లగా బయటికి గీరండి. గుండుసూది వాడితే లోపలి కాంటాక్టులు విరుగుతాయి. నోటితో ఊదితే తేమ చేరుతుంది. ఈ పనికి అయిదు నిమిషాలు చాలు.

హ్యాంగ్ అవుతోందంటే

స్టోరేజ్ ఎంత ఖాళీ ఉందో చూడండి. పది, పదిహేను శాతం ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. ఫోన్‌లో ఉండే ఫ్లాష్ మెమరీలో పాత సమాచారం మీదే కొత్తది రాయడం కుదరదు. ఒక గడి మొత్తం చెరిపి మళ్లీ రాయాలి. ఖాళీ గడులు లేకపోతే ప్రతి చిన్న పనికీ అక్కడిది ఇక్కడికి జరిపి, చెరిపి, రాయాల్సి వస్తుంది. ఫొటో తీసి రెండు సెకన్లు ఆగాల్సి రావడానికి కారణం చాలాసార్లు ఇదే.

మన ఫోన్లలో స్టోరేజ్ మింగేది ఎక్కువగా వాట్సాప్. అందులో సెట్టింగ్స్, స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్‌లోకి వెళ్తే 5 ఎంబీ దాటిన ఫైళ్లు, ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవి విడివిడిగా కనిపిస్తాయి. శుభోదయం బొమ్మలు, పెళ్లి వీడియోలు, గ్రూపుల్లో అయిదారుసార్లు తిరిగొచ్చిన ఒకే ప్రవచనం, అన్నీ అక్కడ దొరుకుతాయి. తీసేశాక మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి, లేకపోతే నెలకి మళ్లీ మామూలే.

స్టోరేజ్ ఖాళీ చేసినా, ఫోన్ రీస్టార్ట్ చేసినా తీరు మారకపోతే ర్యామ్ చూడండి. 3, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ (నెమ్మదైన రకం) స్టోరేజ్ ఉన్న ఫోన్‌లో యూపీఐ యాప్ నుంచి వాట్సాప్‌కి వెళ్లి తిరిగొచ్చేసరికి యాప్ మళ్లీ మొదటినుంచి తెరుచుకుంటుంది. దీనికి ఏ క్లీనర్ యాపూ పనిచేయదు. క్లీనర్ యాప్‌లు ఉన్న ర్యామ్‌ని ఇంకా తింటాయి. అలాంటి ఫోన్ మార్చడం సబబే. మార్చేటప్పుడు "8 ప్లస్ 8 జీబీ ర్యామ్" అన్న ప్రకటనలో రెండో 8ని లెక్కలోంచి తీసేయండి, అది స్టోరేజ్‌లోంచి అరువు తెచ్చిన జాగా.

అప్‌డేట్ల గడువు

సెట్టింగ్స్, అబౌట్ ఫోన్‌లో ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ ఉంటుంది. అది ఆరేడు నెలల కిందటిదై, కొత్తది కూడా రాకపోతే గడువు ముగిసిందేమో కంపెనీ సైట్‌లో చూడండి. ఫోన్ మార్చడానికి ఇది అసలైన కారణం. బ్యాంకు ఖాతా, యూపీఐ, ఆధార్‌కి వచ్చే ఓటీపీలు అన్నీ అందులోనే ఉన్నప్పుడు, బయటపడిన లోపాలకి అతుకులు పడని ఫోన్‌లో నడిపించడం మంచిది కాదు. వాట్సాప్ ఆగిపోతుందనే భయం మాత్రం అంతగా అక్కర్లేదు. 2025లో దాని కనీస అవసరం ఆండ్రాయిడ్ 5, ఐఫోన్ అయితే ఐఓఎస్ 15.1 మాత్రమే.

గడువులు కంపెనీని బట్టే కాదు, మోడల్‌ని బట్టి కూడా మారతాయి. పిక్సెల్ 8 నుంచి, గెలాక్సీ ఎస్24 నుంచి ఏడేళ్లు ఇస్తున్నారు. అంతకుముందు వచ్చిన ఎస్22, ఎస్23లకి నాలుగు ఆండ్రాయిడ్ వెర్షన్లు, అయిదేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు. శాంసంగ్ ఏ16 లాంటి తక్కువ ధర ఫోన్‌కే ఆరేళ్ల హామీ ఉంటే, దానికంటే ఖరీదైన కొన్ని ఫోన్లకి అంత లేదు. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన ఐఓఎస్ 26 ఐఫోన్ 11 నుంచి పనిచేస్తుంది. 2018లో వచ్చిన ఎక్స్‌ఎస్, ఎక్స్‌ఆర్‌లకి అది రాలేదు. గుర్తుపెట్టుకోండి, ఈ గడువు ఫోన్ మార్కెట్లోకి వచ్చిన రోజునుంచి నడుస్తుంది, మీరు కొన్న రోజునుంచి కాదు. ఆఫర్లో చవగ్గా వచ్చిన పాత మోడల్‌కి ఎన్నేళ్లు మిగిలాయో లెక్కేసుకున్నాకే అది నిజంగా చవకో కాదో తెలుస్తుంది.

కొత్త మోడల్‌లో నిజంగా మారేవి

శాంసంగ్ ఎస్ సిరీస్‌లో చిన్న ఫోన్లనే తీసుకుందాం. 2022లో వచ్చిన ఎస్22 వెనక 50, 12, 10 మెగాపిక్సెళ్ల కెమెరాలు మూడు. ఎస్23లో అవే అంకెలు. ఎస్24లో అవే, 2025లో వచ్చిన ఎస్25లోనూ అవే. నాలుగు మోడళ్లకీ ఛార్జింగ్ 25 వాట్లు. బ్యాటరీ 3700 నుంచి 3900కి, అక్కడినుంచి 4000కి పెరిగి అక్కడే ఉండిపోయింది. ప్రాసెసర్ ఏటా మెరుగైంది, నిజమే, కానీ ఎస్23లో ఉన్న స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 2 యూపీఐకీ, రీల్స్‌కీ, మ్యాప్స్‌కీ ఎప్పుడూ తడబడేది కాదు. ఎస్24తో వచ్చిన గెలాక్సీ ఏఐ సదుపాయాల్లో చాలా భాగం కొద్దినెలల్లో అప్‌డేట్‌గా ఎస్23కీ వచ్చేశాయి. ఎస్23 ఉన్నవాళ్లు ఎస్25కి వెళ్తే ముఖ్యంగా దక్కేది ఇంకొన్నేళ్ల అప్‌డేట్లు. ఎస్23కి ఇంకా గడువు ఉండగా దానికోసం అంత డబ్బు పెట్టడం దండగ.

ఐఫోన్‌లో కథ కాస్త వేరు. 15, 16 మామూలు మోడళ్లు రెండూ మనదేశంలో 79,900 రూపాయలకే వచ్చాయి, రెంటికీ 60 హెర్ట్జ్ (బొమ్మ సెకనుకి 60 సార్లు మారే) స్క్రీనే. 17 దగ్గర మాత్రం మార్పు కంటికి కనిపిస్తుంది. 120 హెర్ట్జ్ స్క్రీన్, మొదటినుంచే 256 జీబీ స్టోరేజ్, ప్రారంభ ధర 82,900. ఐఫోన్ 12, 13 వాడుతూ స్టోరేజ్ చాలక అవస్థపడేవాళ్లకి 17 అర్థమున్న మార్పు. 15 ఉన్నవాళ్లకి, యాపిల్ ఇంటెలిజెన్స్ (యాపిల్ ఏఐ సదుపాయం) తప్పనిసరిగా కావాలనుకుంటే తప్ప, కాదు. ఆ సదుపాయం 15 ప్రో నుంచి మాత్రమే పనిచేస్తుంది.

ఈ మధ్య వచ్చిన వాటిలో గట్టి మార్పు బ్యాటరీలో వచ్చింది. బ్యాటరీలోని ఒక ధ్రువానికి (యానోడ్) సిలికాన్ కార్బన్ వాడి, ఫోన్ లావెక్కకుండానే ఎక్కువ ఛార్జ్ పట్టిస్తున్నారు. వన్‌ప్లస్ 13లో 6000 ఎంఏహెచ్ ఉంటే ఏడాది తిరక్కుండానే వచ్చిన వన్‌ప్లస్ 15లో 7300. రోజంతా రోడ్డుమీద ఉండే సేల్స్ ఉద్యోగికో డెలివరీ కుర్రాడికో ఇది పవర్ బ్యాంక్ మోతని తప్పించే సంగతి.

కెమెరాలో మెగాపిక్సెళ్ల అంకెని చూసి మోసపోవద్దు. 200 మెగాపిక్సెళ్ల సెన్సర్ మామూలుగా పదహారు పిక్సెళ్లని ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెళ్ల ఫొటోయే ఇస్తుంది. సెన్సర్ సైజు, ఓఐఎస్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) ఉందో లేదో, ఈ రెండూ చూడండి. 2 మెగాపిక్సెళ్ల మ్యాక్రో, డెప్త్ కెమెరాలు వెనక గుండ్రాల సంఖ్య పెంచడానికే.

5జీ మనదేశంలో 2022 అక్టోబర్ 1న మొదలైంది. మీ ఇంట్లో, ఆఫీసులో సిగ్నల్ వస్తుంటే, అపరిమిత 5జీ ప్లాన్ మీ వాడకానికి పనికొస్తే, 4జీ ఫోన్ మార్చడానికి అదొక కారణమే. అమెరికా నుంచి అన్నయ్యో బావగారో తెచ్చే ఫోన్ తీసుకునేటప్పుడు రెండు సంగతులు అడగండి. ఐఫోన్ 14 నుంచి అక్కడ అమ్మేవాటికి సిమ్ ట్రే ఉండదు, ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించే సిమ్) మాత్రమే. సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లో క్యారియర్ లాక్ దగ్గర "నో సిమ్ రెస్ట్రిక్షన్స్" అని ఉంటేనే మన సిమ్ పనిచేస్తుంది.

రిపేరా, కొత్తదా: లెక్క ఇలా

సర్వీస్ సెంటర్‌లో చెప్పిన రిపేర్ ఖర్చుని, అదే మోడల్ సెకండ్‌హ్యాండ్ ధరతో పోల్చండి. సగం లోపు ఉండి, అప్‌డేట్లు కనీసం ఏడాదిన్నర మిగిలి ఉంటే రిపేర్ చేయించండి. సగం దాటితే వదిలేయండి. బ్యాటరీ ఈ గీత దాటడం అరుదు. అమోలెడ్ స్క్రీన్ తరచుగా దాటుతుంది. మధ్యలో పచ్చ గీత పడితే స్క్రీన్ మొత్తం మార్చాల్సిందే, గీత ఒక్కదాన్ని బాగుచేసే దారి లేదు. అయితే కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్లకి వారంటీ అయిపోయినా స్క్రీన్ ఉచితంగా మార్చిన సందర్భాలున్నాయి, అడగడానికి మొహమాటపడకండి.

కొనడానికే నిర్ణయించుకుంటే ధరని ఏళ్లతో భాగించి చూడండి. 82,900 ఫోన్ అయిదేళ్లు వాడితే ఏడాదికి 16,580. రెండేళ్లకే మారిస్తే 41,450, పాతది అమ్మితే వచ్చే డబ్బు లెక్కలోకి తీసుకోకుండా. "నో కాస్ట్ ఈఎంఐ"లో వడ్డీని డిస్కౌంట్‌గా చూపించి తగ్గిస్తారు, కానీ బ్యాంకు ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ వేస్తుంది, ప్రాసెసింగ్ ఫీజు అదనం. ఎక్స్‌ఛేంజ్ బోనస్ ఎంత గొప్పగా ఉన్నా, అదే ఫోన్ ఎక్స్‌ఛేంజ్ లేకుండా పక్క షాపులో ఎంతకి వస్తుందో కనుక్కున్నాకే సరే అనండి.

సెకండ్‌హ్యాండ్ కొంటే *#06# కొట్టి ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు) నంబర్ చూసి, ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం అని, ఖాళీ ఇచ్చి ఆ నంబర్ టైప్ చేసి 14422కి మెసేజ్ పంపండి. బ్లాక్ అయిన ఫోనైతే తెలిసిపోతుంది. ఐఫోన్ అయితే అబౌట్‌లో పార్ట్స్ హిస్టరీ కూడా చూడాలి, స్క్రీన్, బ్యాటరీ మార్చి ఉంటే అక్కడ కనిపిస్తుంది.

పాతది వదిలే ముందు

1. వాట్సాప్ ముందు మార్చండి. రెండూ ఆండ్రాయిడ్ అయితే చాట్స్‌లో ట్రాన్స్‌ఫర్ చాట్స్ నొక్కి క్యూఆర్ స్కాన్ చేస్తే నేరుగా వెళ్తాయి, గూగుల్ డ్రైవ్ 15 జీబీలో చోటు అక్కర్లేదు. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి అయితే మూవ్ టు ఐఓఎస్ యాప్‌తో, ఐఫోన్ మొదటిసారి సెటప్ చేసేటప్పుడే చేయాలి. సెటప్ దాటిపోతే ఐఫోన్ రీసెట్ చేసి మళ్లీ మొదలుపెట్టాలి.

2. ఆథెంటికేటర్ యాప్ (లాగిన్ కోడ్‌లు చూపించేది) వాడుతుంటే కోడ్‌లని కొత్త ఫోన్‌కి ఎక్స్‌పోర్ట్ చేయండి. జనం ఎక్కువగా మర్చిపోయేది ఇదే.

3. బ్యాంకుకి ఇచ్చిన నంబర్ సిమ్ కొత్త ఫోన్‌లో వేసి, ఎస్ఎంఎస్ వెళ్లేంత బ్యాలెన్స్ ఉందో చూసి యూపీఐ మళ్లీ రిజిస్టర్ చేయండి. ఫోన్ మార్చాక మొదటి 24 గంటలు చాలా బ్యాంకులు 5,000 రూపాయల వరకే పంపనిస్తాయి, కొన్నిచోట్ల ఐఫోన్‌కి ఈ గడువు ఇంకా ఎక్కువ. కల్యాణమండపానికో ఆసుపత్రికో డబ్బు కట్టాల్సిన రోజున ఫోన్ మార్చకండి.

4. ఈసిమ్ ఉంటే రీసెట్ కంటే ముందే కొత్త ఫోన్‌కి మార్చుకోండి. రీసెట్‌లో అది చెరిగిపోతే ఆపరేటర్ దగ్గర మళ్లీ తీసుకోవాలి.

5. పాత ఫోన్ వారంరోజులు పక్కన ఉంచండి, ఏం మర్చిపోయారో ఈలోగా బయటపడుతుంది. తర్వాత ఆండ్రాయిడ్‌లో గూగుల్ అకౌంట్ తీసేసి, ఐఫోన్‌లో ఫైండ్ మై (పోయిన ఫోన్ వెతికే సదుపాయం) ఆపేసి, సెట్టింగ్స్ నుంచే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. రీసెట్ అయ్యాక ఆన్ చేసి, వైఫై కలిపి, రెండు మూడు స్క్రీన్లు ముందుకు వెళ్లండి. అక్కడ పాత అకౌంట్ పాస్‌వర్డ్ అడిగితే లాక్ ఇంకా ఉన్నట్టే. ఎక్స్‌ఛేంజ్‌కి వచ్చిన కుర్రాడు గుమ్మం దగ్గర చూసేది కూడా అదే, అడిగిందంటే ఫోన్ తీసుకోకుండా వెళ్లిపోతాడు.